ఇంటి డేటాకు దూరపు గాదె: క్లౌడు బ్యాకప్ నెంచుకొనుట యెట్లు?



ఎరువులు, విత్తనములు, పంట ఋణములు - వీనిని గూర్చి వ్రాయుట మన పత్రికకు పరిపాటి. ఈ నెల నొక క్రొత్త విషయమును మీ ముందుంచుచున్నాము. గడచిన కొలది నెలలుగా సభ్యులు పలువురు మా కార్యాలయమునకు వచ్చి, "ఇంటిలో హార్డ్ డిస్కులు నిండిపోవుచున్నవి. వీనిని క్లౌడులో దాచుకొనుమని పిల్లలు చెప్పుచున్నారు. ఏ కంపెనీని నమ్మవలెను? సొమ్మెంత యగును?" అని యడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పుటకంటె అందరకు నుపయోగించునట్లు వ్రాయుట మేలని తోచినది.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరు మొదలగు పేటలు నీట మునిగిన సంగతి మనమెల్లర మెరుగుదుము. మన సభ్యులలో నొకరి కుమారుడు ఆ ప్రాంతమున నొక యింటి క్రింది అంతస్తులో కాపురముండెను. ఇరువది యేండ్ల కుటుంబ చిత్రములు, చెల్లెలి పెండ్లి వీడియో, గతించిన తల్లి పాడిన మంగళహారతుల రికార్డింగులు - అన్నిటిని ఆతడు హార్డ్ డిస్కులో నుంచుకొనెను. ఆతడు అజాగ్రత్త గలవాడు కాడు. రెండవ డిస్కు కొని దానిలో ప్రతి కూడ తీసి యుంచెను. కాని రెండు డిస్కులును ఒకే బీరువాలో, ఒకే అరలో నుండెను. నీరు తీసిన తరువాత రెండును బురదలో దొరికినవి. బాగుచేయువారు పెద్ద మొత్తము తీసికొని కొన్ని చిత్రములను మాత్రము వెలికి తీయగలిగిరి. తల్లి పాటలు రాలేదు. "పొలములో ఇసుక మేట వేసిన ఎత్తి పోయవచ్చును. దీని కేమి చేయుదుము?" అని ఆ తండ్రి మా యెదుట నన్న మాట మేము మరువలేకున్నాము.

ఈ వ్యాసమునకు కారణ మా మాటయే. ఒకే కప్పు క్రింద నున్న రెండు ప్రతులు, వరదకును, నిప్పునకును, దొంగకును ఒక్క ప్రతితో సమానము.

విత్తనపు ధాన్యమును వేరుచేయుడు

కంపెనీల పేరు లడుగుటకు ముందు, ఇంటిలో నేమేమి కలవో చూచుకొనవలెను. ఇప్పుడు పల్లెటూరి యిండ్లలో సైతము డేటా విస్తారముగ పెరిగినది. సెల్‌ఫోను చిత్రములు, పెండ్లి వీడియోలు, డ్రోనుతో తీసిన పొలముల చిత్రములు, పిల్లల చదువు పత్రములు, తాతల నాటి ఫోటోల స్కానులు, ఊరి బుర్రకథల రికార్డింగులు - ఇవి యన్నియు చేరి నాలుగు టెరాబైట్లు, అనగా నాలుగు వేల గిగాబైట్లు, కలిగిన గృహములను మే మెరుగుదుము.

నూర్చిన ధాన్యములో తిండి గింజలను, విత్తనపు గింజలను మనము వేరుగా నుంచుదుము గదా. ఇచ్చటను అట్లే చేయవలెను. మరల దొరకునవి యొక వైపు: సినిమాలు, కొన్న పాటలు, ఇతరులు పంపిన వీడియోలు. అడంగలు, 1బి వంటి భూమి పత్రముల నకళ్లు కూడ ప్రభుత్వము నుండి మరల పొందవచ్చును. మరల దొరకనివి రెండవ వైపు: మీ యింటివారి ముఖములు, గొంతులు, మీ చేతివ్రాత లెక్కలు, మరెవ్వరియొద్దను లేని రికార్డింగులు. నాలుగు టెరాబైట్లలో ఈ రెండవ రాశి మూడు నాలుగు వందల గిగాబైట్లకు మించకపోవచ్చును. ఈ రాశి యెంతయో తెలిసిన గాని ఏ కంపెనీ తగునో తేలదు.

క్లౌడనగా నేమి?

పేరు మేఘమైనను ఆకాశమున నేమియు లేదు. ఇంకొకరి భవనములో, ఇంకొకరి యంత్రములలో మన డేటాను అద్దెకుంచుటయే క్లౌడు. గుంటూరు శీతల గిడ్డంగులలో మిరపబస్తాలు పెట్టుట యెట్టిదో ఇదియు నట్టిదే. అట్టి భవనములు మన సమీపమునను కలవు. అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున తన డేటా కేంద్రముల నారంభించినది.

గిడ్డంగికి నిప్పంటుకొనవచ్చును. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు పట్టణములో ఓవీహెచ్ సంస్థ యొక్క డేటా కేంద్రమొకటి పూర్తిగా కాలిపోయెను. బ్యాకప్‌లను సైతము అదే స్థలమున నుంచుకొన్న కొందరు ఖాతాదారులు రెండింటిని గోల్పోయిరి. కావున క్లౌడు కూడ ఒక ప్రతియే యని యెరిగి, ఇంటి ప్రతిని తీసివేయరాదు. అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారము చేసిన 3-2-1 అను సూత్రము నేడు అందరును అంగీకరించినది: ప్రతులు మూడు, రెండు విధములైన సాధనములలో, వానిలో నొకటి దూరముగా.

అద్దము వేరు, గాదె వేరు

మన సభ్యులు ఎక్కువగా పొరబడునది ఇచ్చటనే. గూగుల్ ఫోటోస్, వన్‌డ్రైవు, డ్రాప్‌బాక్సు వంటివి ముఖ్యముగా సింకు సేవలు. అనగా అద్దము వంటివి. ఫోనులో నున్నది అక్కడ కనబడును. ఫోనులో తుడిచినది అక్కడను తుడిచిపోవును. ఫోనులో జాగా చాలలేదని గూగుల్ ఫోటోస్ యాపులో చిత్రమును తొలగించినచో క్లౌడు ప్రతియు చెత్తబుట్టకు చేరి, 60 దినముల పిమ్మట మాసిపోవును. గూగుల్ డ్రైవులో ఈ గడువు 30 దినములు మాత్రమే. ఫైళ్లకు తాళము వేసి సొమ్మడుగు దొంగ ప్రోగ్రాములు కంప్యూటరులో ప్రవేశించినపుడును, చెడిన ఫైళ్లే సింకు మార్గమున పైకి పోవును.

బ్యాకప్ సేవ యట్లు కాదు. అది పాత ప్రతులను కొంత కాలము పట్టియుంచును. కావున ఏ సేవనైనను మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యిది: "నేను పొరబాటున తుడిచిన దానిని ఎన్ని దినముల వరకు తిరిగి యియ్యగలరు?" ఉదాహరణకు బ్యాక్‌బ్లేజు అను అమెరికా కంపెనీ గృహ పథకములో మామూలు గడువు 30 దినములు, ఒక సంవత్సరము గడువును కోరి యెంచుకొనవచ్చును. బయటి హార్డ్ డిస్కును గడువు మీరిన పిదపను కంప్యూటరునకు తగిలింపనిచో, అది తీసివేయబడినదని యెంచి దాని ప్రతిని వారు తుడిచివేయుదురు. డిస్కును పెట్టెలో పెట్టి ఆరు నెలలు మరచు అలవాటుగల మన యిండ్లకు ఒక సంవత్సరపు గడువే తగినది.

కాలువ వెడల్పు చూచుకొనుడు

చెరువెంత పెద్దదైనను తూము గుండ పోవునంత నీరే పోవును. ఇంటర్నెట్టు వేగమునకు రెండు లెక్కలు కలవు: క్రిందికి దిగు వేగము, పైకి పంపు వేగము. బ్యాకప్‌నకు కావలసినది రెండవది. పైకి 20 ఎంబీపీఎస్ వేగమున్న యింటి నుండి నాలుగు టెరాబైట్లు పంపుటకు రాత్రింబగళ్లు ఆగకుండ పంపినను పదునెనిమిదిన్నర దినములు పట్టును. 100 ఎంబీపీఎస్ ఫైబరు ఉన్నచో నాలుగు దినములలోపల ముగియును. విత్తనపు రాశి మూడు వందల గిగాబైట్లే యైనచో 20 ఎంబీపీఎస్ వేగమునను ముప్పదిమూడు గంటలు చాలును.

ఇంకొక చిక్కు కలదు. అపరిమితమని ప్రకటించు ఇంటి ఫైబరు పథకములు పెక్కింటికి నెలకు 3,300 గిగాబైట్ల హద్దు కలదు. అది దాటిన వేగమును తగ్గించివేయుదురు. నాలుగు టెరాబైట్లను ఒకే నెలలో పంపదలచినవారు ఈ హద్దును తాకుదురు. కావున రెండు నెలలుగా విభజించుకొని, మరల దొరకని రాశిని ముందు పంపవలెను. కరెంటు పోయి వచ్చినపుడు విడిచిన చోటినుండి సాగింపగల సాఫ్టువేరునే యెంచుకొనవలెను. మొదటికి వచ్చు సాఫ్టువేరు మన యూళ్లకు పనికిరాదు.

పెట్టు ఖర్చు, తీయు ఖర్చు

ధరను చూచునపుడు లోన పెట్టుటకెంతయో గాక, బయటికి తెచ్చుకొనుటకెంతయో కూడ చూడవలెను. నాలుగు టెరాబైట్ల రాశికి మూడు విధములైన లెక్కలను చూపుచున్నాము. డాలరును 90 రూపాయలుగా నెంచితిమి; పన్నులు వేరు; ధరలు మారుచుండును గాన చేరుదినమున మరల చూచుకొనవలెను.

మొదటిది, కంప్యూటరునకు ఇంత యని వసూలు చేయు పథకము. బ్యాక్‌బ్లేజు 2023 అక్టోబరులో నిర్ణయించిన గృహ ధర సంవత్సరమునకు 99 డాలర్లు, అనగా 8,910 రూపాయలు. ఎంత డేటాయైనను అంతే. కాని ఇది ఒక్క కంప్యూటరునకును, దానికి తగిలించిన డిస్కులకును మాత్రమే. ఇంటి నెట్‌వర్కులో వేరుగా నుండు నాస్ పెట్టెలకు వర్తింపదు.

రెండవది, టెరాబైటుకు ఇంత యని వసూలు చేయునది. అదే కంపెనీ బీ2 అను సేవకు 2023లో పెట్టిన ధర టెరాబైటుకు నెలకు 6 డాలర్లు. నాలుగు టెరాబైట్లకు సంవత్సరమునకు 288 డాలర్లు, అనగా 25,920 రూపాయలు. కాని మూడు వందల గిగాబైట్ల విత్తనపు రాశిని మాత్రము ఉంచినచో 22 డాలర్లు, అనగా సుమారు రెండు వేల రూపాయలే యగును. దాచినదానికి నెలకు మూడు రెట్ల వరకు ఉచితముగా తీసికొనవచ్చును.

మూడవది, లోతు పాతర వంటిది. అమెజాను వారి గ్లేషియర్ డీప్ ఆర్కైవు అను సేవలో, అమెరికా కేంద్రములందు, టెరాబైటుకు నెలకు ఇంచుమించు ఒక డాలరే. నాలుగు టెరాబైట్లకు సంవత్సరమునకు నాలుగు వేల మూడు వందల రూపాయలు చాలును. చూచుటకు మిక్కిలి చవుక. కాని డేటా కావలెనని యడిగిన పిదప పండ్రెండు మొదలు నలుబదియెనిమిది గంటలు వేచియుండవలెను. నూట యెనుబది దినముల లోపల తీసివేసినను ఆ కాలమునకెల్ల అద్దె చెల్లింపవలెను. ఇల్లు మునిగిన నాడు మొత్తమును తిరిగి తెచ్చుకొనుటకు రవాణా రుసుమే సుమారు 350 డాలర్లు, అనగా 31,500 రూపాయలగును. కష్టము వచ్చిన దినముననే ఈ బిల్లు చేతికి వచ్చును. దీని నెరిగి చేరువారికి ఇది మంచి సేవయే. ఎరుగక చేరువారికి మాత్రము దుఃఖకరము.

డబ్బు చెల్లింపును గూర్చి యొక హెచ్చరిక. విదేశ కంపెనీలకు కార్డుద్వారా ప్రతి సంవత్సరము దానంతట అదే చెల్లునని నిశ్చింతగ నుండరాదు. 2021 అక్టోబరు 1వ తేదీనుండి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము ఇట్టి చెల్లింపులను ముందుగా నమోదు చేసికొని, ఇరువది నాలుగు గంటల ముందు తెలియజేయవలెను. నమోదు సరిగా లేనిచో చెల్లింపు నిలిచిపోవును. అద్దె నిలిచిన కొంత కాలమునకు డేటాయు పోవును. వారి ఉత్తరములు వచ్చు ఈమెయిలును ఇంటిలో నెవరో యొకరు తప్పక చూచుచుండవలెను.

"అపరిమితము" అను మాట

అపరిమితమని పిలిచిన పథకములు పెక్కులు పరిమితములైనవి. మైక్రోసాఫ్టు వన్‌డ్రైవు 2015 నవంబరులో అపరిమితమును తీసివేసి, ఒక టెరాబైటునకు తగ్గించెను. కొందరు 75 టెరాబైట్లకు పైగా నింపిరని కారణము చెప్పిరి. అమెజాను 2017 జూనులోను, గూగుల్ ఫోటోస్ 2021 జూను 1వ తేదీనుండియు, డ్రాప్‌బాక్సు తన వ్యాపార పథకమునకు 2023 ఆగస్టులోను అదే పని చేసినవి. క్రాష్‌ప్లాను కంపెనీ తన గృహ సేవను 2017 ఆగస్టులో నోటీసిచ్చి, 2018 అక్టోబరు 22వ తేదీన పూర్తిగా మూసివేసెను. ఖాతాదారులకు పదునాలుగు నెలల గడువు దొరకినది. ఇంటిలో ప్రతి యున్నవారు దానిని వేరొక చోటికి పంపుకొనిరి. క్లౌడు ప్రతినే నమ్మి యింటి ప్రతిని తీసివేసినవారు మాత్రము మొత్తమును క్రిందికి తెచ్చుకొనవలసి వచ్చినది.

ఈ కంపెనీలను నిందించుట మా యుద్దేశము కాదు. నష్టము వచ్చు వ్యాపారమును ఎవ్వరును చిరకాలము నడుపరు. మన సంఘములు సైతము అయిన ఖర్చునకు తగిన ధర వేసినపుడే నిలిచినవి. కావున మితిమీరి చవుకగ నున్న సేవను చూచి సంతోషింపక, "ఇది యెట్లు గిట్టుబాటగుచున్నది?" అని యొకసారి యోచింపవలెను.

తాళపుచెవియు, నామినీయు

డేటాను పంపుటకు ముందే రహస్యలిపిలోనికి మార్చు సదుపాయము మంచి సేవలలో కలదు. అట్టిచో కంపెనీవారు సైతము మన చిత్రములను చూడలేరు. కాని ఆ రహస్యపదమును మనము మరచినచో దానిని తిరిగి యిచ్చువారు లోకమున నెవ్వరును లేరు. దానిని కాగితముపై వ్రాసి, దస్తావేజులుండు పెట్టెలో నొక ప్రతియు, నమ్మిన బంధువునొద్ద మరియొక ప్రతియు నుంచవలెను. ఆ కంప్యూటరులోనే వ్రాసియుంచుట, ఇంటి తాళపుచెవిని ఇంటిలోపల పెట్టి తలుపు మూయుట వంటిది.

సంఘములో చేరునపుడు నామినీ పేరు వ్రాయించుకొనుట మన కలవాటే. ఇచ్చటను అది అవసరము. కుమారుడు అమెరికాలో నుండి తన పేర ఖాతా తెరచి సొమ్ము చెల్లించుచుండగా, ఊరిలోని తలిదండ్రులకు దాని పేరైనను తెలియని గృహములు కలవు. గూగుల్ ఖాతా రెండు సంవత్సరములు వాడనిచో దానిని తొలగించు హక్కును ఆ సంస్థ 2023లో ప్రకటించుకొన్నది. ఖాతా నిలిచిపోయినపుడు ఎవరికి అప్పగింపవలెనో ముందుగా వ్రాయించు ఏర్పాటు గూగుల్‌లోను, ఆపిల్‌లోను కలదు. ఆ పని నేడే చేయుడు.

తిరిగి తెచ్చి చూచినదే బ్యాకప్

మొలక కట్టి చూడని విత్తనమును మనము నారుమడిలో చల్లము. బ్యాకప్‌ను కూడ అట్లే పరీక్షింపవలెను. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను కంప్యూటరు సంస్థలో పొరబాటున డేటా తుడిచిపోగా, వారి యైదు విధములైన రక్షణోపాయములలో నేదియు సరిగా నక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరొక కారణమున తీసిన ప్రతి యొకటి దొరకుటచే వారు బయటపడిరి. నిపుణులకే యట్లు జరిగినపుడు మన మాట చెప్పనేల?

కావున సేవలో చేరిన మొదటి నెలలోనే, వేరొక కంప్యూటరునుండి, ఒక ఫోల్డరును తిరిగి తెప్పించుకొని తెరచి చూడుడు. చిత్రము కనబడవలెను, పాట వినబడవలెను. ఎంత కాలము పట్టినదో, ఏమి యడిగిరో వ్రాసికొనుడు. ఆ పరీక్షలో చిక్కుపెట్టిన సేవను ఉచితపు గడువులోనే విడిచిపెట్టుడు. తరువాత సంవత్సరమునకు రెండు మారులు ఈ పరీక్ష జరుపవలెను.

మా సలహా

చిన్న రాశి గలవారు, అనగా ఒక కంప్యూటరు, ఒకటి రెండు డిస్కులు గలవారు, కంప్యూటరు లెక్కన వసూలు చేయు పథకమును ఒక సంవత్సరపు గడువుతో తీసికొనుట సులభము. నాస్ పెట్టెలు గలవారును, పెండ్లి వీడియోలు తీయు వృత్తిలోనివారును టెరాబైటు లెక్క సేవను తీసికొని, మరల దొరకని రాశిని మాత్రము పంపుట లాభకరము. రెస్టిక్, ఆర్‌క్లోన్ వంటి ఉచిత సాఫ్టువేరులు ఒకే కంపెనీకి కట్టుబడకుండ పలు గిడ్డంగులకు డేటాను పంపగలవు. కంపెనీ మూతపడినను వేరొకదానికి మారుట సుకరము.

మిగిలిన పెద్ద రాశికి, సొమ్ము చాలని సభ్యులకు సహకార పద్ధతియే కలదు. దూరపు గ్రామములలోని యిద్దరు సభ్యులు రహస్యలిపిలో నున్న తమ డిస్కులను ఒకరివద్ద నొకరుంచి, సంక్రాంతికి, దసరాకు మార్చుకొనవచ్చును. ఒక గ్రామమునకు వచ్చిన వరద వేరొక యేటి గట్టుననున్న గ్రామమునకు అదే దినమున వచ్చుట యరుదు. దీనికి అద్దె లేదు; నమ్మకమే పెట్టుబడి. ఇష్టపడు సభ్యుల పేర్లను మా కార్యాలయమున నమోదు చేసి, జతలు కుదుర్చుటకు మేము సిద్ధముగ నున్నాము.

పైని చెప్పిన తండ్రిగారు గడచిన నెలలో మా కార్యాలయమునకు మరల వచ్చిరి. ఆ తల్లి పాడిన పాటలలో నొకటి ఒక మేనకోడలి పాత ఫోనులో దొరకినదట. ఇప్పుడది మూడు చోట్ల నున్నది. మిగిలినవి పోయినవి. మన సభ్యులలో మరెవ్వరికిని ఇట్టి నష్టము రాకుండుటకు, వచ్చు వర్షకాలమునకు ముందే ప్రతి గృహమువారును తమ విత్తనపు రాశిని వేరుచేసి, దూరముగా నొక ప్రతి నుంచి, దానిని తిరిగి తెచ్చి చూతురుగాక యని కోరుచున్నాము.